ఏ549 కణాలూ, ఫాస్ఫేటు లెక్కలూ: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 8

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సెమిస్టరు. ప్రాజెక్టు టైటిల్ ఈ రోజు ఖాయమైంది: "ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల పెరుగుదలలో కణ ఉపరితల ఎంజైముల పాత్ర". ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న "అంటే క్యాన్సర్‌కి మందు కనిపెడతావా?" అన్నారు. లేదు నాన్నా, ఆరు నెలల్లో ఒక గ్రాఫు గీస్తాను, అంతే.

కణ ఉపరితలం అనగానే నాకు ఈజీఎఫ్ఆర్ అనే పెరుగుదల సంకేతాల గ్రాహకం గుర్తొచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ పాఠంలో మొదట చెప్పేది దాని గురించే కదా. మా గైడ్ మేడమ్ ఒప్పుకోలేదు. "దానికి తల బయట, చెయ్యి లోపల. సంకేతం అందుకునే భాగం బయట ఉంటుంది కానీ ఎంజైము పని జరిగేది కణం లోపల. నీకు కావాల్సింది చెయ్యి కూడా బయటే ఉన్నది" అన్నారు.

అలాంటివి చాలానే ఉన్నాయి. కార్బానిక్ అన్‌హైడ్రేజ్ 9 ఆక్సిజన్ తగ్గినప్పుడు పైకి వచ్చి, కార్బన్ డయాక్సైడును బైకార్బొనేటుగా మార్చి, కణం చుట్టూ ఆమ్లాన్ని పోగేస్తుంది. ఎంటీ1-ఎంఎంపీ కొల్లాజెన్ గోడలను కోసి దారి చేస్తుంది. ఏడీఏఎం17 కణం మీద అతుక్కుని ఉన్న పెరుగుదల సంకేతాలను కత్తిరించి వదులుతుంది. నేను నాలుగు పేపర్లు చదివి నాలుగూ చేస్తానన్నాను. మేడమ్ ఒక్క ప్రశ్న వేశారు: "మన అల్మరాలో ఉన్న రసాయనాలతో కొలవగలిగేది ఏది?"

ఆ ప్రశ్నకు నిలబడింది ఒక్కటే. నాలుగోది, సీడీ73.

జనవరి 10

ఈ ఎంజైము చేసే పని రాసుకుంటే ఒక లైనే. ఏఎంపీ నుంచి ఫాస్ఫేటును తెంచి అడెనోసిన్ చేస్తుంది. అది ఎందుకు ముఖ్యమో అర్థం కావడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది.

ఏటీపీ కణానికి శక్తినిచ్చే అణువు, మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. మామూలుగా కణం లోపల ఉండాల్సిన సరుకు. కణం దెబ్బతిన్నా, చచ్చిపోతున్నా అది బయటికి కారుతుంది. బయట ఏటీపీ కనబడిందంటే రోగనిరోధక కణాలకు అదొక కేక, ఇక్కడేదో జరిగింది రండి అని. కణం పొర మీద ఉండే సీడీ39 ఆ ఏటీపీ నుంచి రెండు ఫాస్ఫేట్లు తీసేసి ఏఎంపీగా మారుస్తుంది. మిగిలిన ఒక్క ఫాస్ఫేటును సీడీ73 తీసేస్తుంది. మిగిలేది అడెనోసిన్. అది ఆ రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టీ కణాల మీద ఉన్న ఏ2ఏ గ్రాహకానికి తగులుకుంటే టీ కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, దాని దూకుడు తగ్గుతుంది. కేకగా మొదలైంది జోలపాటగా మారిపోతుంది, మధ్యలో రెండే ఎంజైములు.

సీడీ73 పొరలో గుచ్చుకుని ఉండదు. జీపీఐ అనే కొవ్వు లంగరుతో వేలాడుతుంది. పని చేసే చోట రెండు జింకు అయాన్లు ఉంటాయి. జింకు సంగతి నోట్‌బుక్‌లో గీత గీసి పెట్టుకున్నాను. అయినా ఆ తర్వాత మర్చిపోయాను, అది ఫిబ్రవరి కథ.

జనవరి 17

సంక్రాంతికి అందరూ ఊరెళ్లారు. కణాలకు సెలవు లేదు కాబట్టి నేను ఉన్నాను. భోగి రోజు పొద్దున హాస్టల్ ముందు మంట కాచుకుని, అక్కడి నుంచి నేరుగా ల్యాబుకొచ్చి మీడియం మార్చాను. బట్టలకు పొగ వాసన ఉందని, కణాల పని చేసే శుభ్రమైన గాజు గూడు, హుడ్‌లో చేతులు పెట్టడానికి కూడా భయమేసింది.

మేం వాడేది ఏ549. 1972లో 58 ఏళ్ల మనిషి ఊపిరితిత్తుల కణితి నుంచి తీసిన కణాలు ఇవి. ఆయన ఎవరో నాకు తెలియదు కానీ ఆయన కణాలకు నేను రెండు రోజులకోసారి అన్నం పెడుతున్నాను. దాదాపు రోజుకోసారి రెట్టింపవుతాయి. శుక్రవారం ఫ్లాస్కులో ఖాళీ జాగా చూసి ధైర్యంగా వెళ్లిపోతే సోమవారానికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి మా ల్యాబు కొన్నేళ్ల కిందట తెప్పించుకుని, నైట్రోజన్ డబ్బాలో దాచుకున్న స్టాకు ఇది.

జనవరి 28

ఎంజైమును కొలవడమంటే అది తెంచిన ఫాస్ఫేటును లెక్కపెట్టడమే. ఈ పనికి వందేళ్ల నాటి పద్ధతి ఒకటి ఉంది, ఫిస్కే-సుబ్బారో పద్ధతి. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో అందరం చేశాం. ఆమ్లంలో అమోనియం మాలిబ్డేటు కలిపితే ఫాస్ఫేటు దానితో జట్టు కడుతుంది. దానికి క్షయకారిణి తగిలిస్తే నీలం రంగు వస్తుంది. 660 నానోమీటర్ల దగ్గర రీడింగు తీసుకుంటాం.

సీనియర్ అక్కది పాలకొల్లు. నేను స్టాండర్డ్ కర్వ్ గీస్తుంటే వచ్చి "ఎవరి పద్ధతనుకుంటున్నావ్? మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది" అంది. అది నాకూ తెలుసు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పద్ధతిని ప్రచురించారు. దాంతోనే కండరాల్లో భాస్వరం లెక్కలు తీస్తూ ఫాస్ఫోక్రియాటిన్ పట్టుకున్నారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. డిగ్రీలో ఇది రెండు మార్కుల ప్రశ్న. ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంది. కణితి చుట్టూ పారుతున్న ఏటీపీని గుర్తించిందీ ఆయనే, అది ముక్కలైతే వచ్చే ఫాస్ఫేటును నేను కొలుస్తున్నదీ ఆయన పద్ధతిలోనే. అక్కతో ఈ మాట అంటే "మరి కర్వ్ వంకరగా గీస్తే ఆయనకి కోపం రాదా?" అంది. నిజమే, నా మూడో పాయింటు గీతకు దూరంగా పడింది. మళ్లీ చేశాను.

ఫిబ్రవరి 4

మొదటి అసలు ప్రయోగం. పూర్తిగా పోయింది.

24 గుంతల ప్లేటులో కణాలు పెట్టి, మీడియం తీసేసి, పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, ఏఎంపీ ఉన్న బఫరు పోశాను. 20 నిమిషాల తర్వాత పై ద్రవం తీసి రంగు కట్టాను. ప్రతి గొట్టమూ ముదురు నీలం. ఏఎంపీ వేయని గుంతా నీలమే. కణాలే లేని గుంత కూడా నీలమే! ఒక్క క్షణం నేనేదో గొప్ప విషయం కనిపెట్టాననుకున్నాను. ఆ తర్వాత పీబీఎస్ సీసా మీద పేరు చదివాను. ఫాస్ఫేట్ బఫర్డ్ సెలైన్. ఫాస్ఫేటును కొలవబోతూ, ముందు ఫాస్ఫేటుతోనే స్నానం చేయించాను.

అక్క నవ్వి లెక్క వేసి చూపించింది. పీబీఎస్‌లో ఫాస్ఫేటు 10 మిల్లీమోలార్. కడిగాక గుంత అడుగున పది మైక్రోలీటర్లు మిగిలిపోయినా 100 నానోమోల్స్ ఉన్నట్టు. నా కణాలు 20 నిమిషాల్లో తెంచేది అంతకంటే తక్కువే.

ఫిబ్రవరి 6

పీబీఎస్ మానేశాను. ఉప్పు, పొటాషియం క్లోరైడు, గ్లూకోజు, 2 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడు, హెపీస్‌తో 7.4 పీహెచ్‌లో కొత్త బఫరు. బ్లాంకు తగ్గింది కానీ ఒక్కో గొట్టానికి ఒక్కో తీరుగా ఉంది.

ఈసారి దొంగ గాజుసామానులో ఉన్నాడు. మా ల్యాబులో గొట్టాలు కడిగే అన్న వాడే డిటర్జెంటులోనూ ఫాస్ఫేటు ఉంటుంది. ఆయన తప్పేమీ లేదు, తళతళలాడేలా కడుగుతాడు. నాకు కావాల్సింది తళతళ కాదు. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నా గొట్టాలన్నిటినీ విడిగా ఒక డబ్బాలో పెట్టుకున్నాను. "నా గిన్నెలు ఎవరూ ముట్టుకోవద్దు" అంటే అన్న "మడి కట్టుకున్నావా?" అన్నాడు. అదే అనుకోండి.

ఫిబ్రవరి 9

ఇంకో తప్పు. కణాలను గొట్టంలో తేల్చి కొలిస్తే సంఖ్య కచ్చితంగా ఉంటుంది కదా అని, ఈడీటీఏతో ప్లేటు నుంచి ఊడదీశాను. ఎంజైము చురుకు సగానికి పైగా పడిపోయింది. ఈడీటీఏ లోహాలను పట్టి లాగేసుకుంటుంది. జింకు కింద గీత గీసుకున్న పేజీ తెరిచి చూసుకున్నాను. ఇకనుంచి ప్లేటుకు అతుక్కుని ఉండగానే కొలుస్తాను, లెక్క తర్వాత ప్రోటీనుతో సరిచేసుకుంటాను.

ఫిబ్రవరి 14

మన సుబ్బారోగారి పద్ధతికి సెలవు. మనసొప్పలేదు గానీ తప్పలేదు. చిన్న గుంతల్లో వచ్చే కొద్దిపాటి ఫాస్ఫేటుకు ఆ నీలం సరిపోవడం లేదు. మాలకైట్ గ్రీన్‌కు మారాం. మాలిబ్డేటు వరకూ పద్ధతి అదే. ఆ తర్వాత క్షయకారిణికి బదులు ఈ రంగు కలుపుతాం. పసుపు ద్రవం ఆకుపచ్చగా మారుతుంది, ఎన్నో రెట్లు తక్కువ ఫాస్ఫేటునూ పట్టిస్తుంది.

అక్కవాళ్ల నాన్నకు చేపల చెరువులున్నాయి. సీసా చూడగానే "ఇది చేపల బూజుకు వేసే మందు కదా, ఇప్పుడు తినే చేపలకు వాడకూడదు" అంది. నా వేళ్లు మూడు రోజులుగా ఆకుపచ్చగానే ఉన్నాయి. మెస్‌లో అన్నం కలుపుతుంటే పక్కవాడు జరిగి కూర్చుంటున్నాడు.

ఇందులో ఒక మెలిక. రంగు కట్టే ద్రావణం బాగా ఆమ్లం. ఏఎంపీ దాన్ని తట్టుకుంటుంది. ఏటీపీ మాత్రం అందులో నెమ్మదిగా తనంతట తానే విరిగి, లేని ఫాస్ఫేటును ఉన్నట్టు చూపిస్తుంది. సీడీ39 కూడా కొలుద్దామని ఏటీపీతో చేసిన ప్లేటు పది నిమిషాలు ఆలస్యంగా చదివితే అంకెలన్నీ పైకి పోయాయి. సిట్రేటు వేసి ఆపాలని తర్వాత తెలిసింది. సీడీ39ని పక్కన పెట్టేశాను, ఒక్కదానితోనే చస్తున్నాను.

ఫిబ్రవరి 24

కుదిరింది!

5, 10, 20, 30 నిమిషాలకు తీసిన నమూనాలు సరళ రేఖ మీద పడ్డాయి. కణాలు లేని గుంతలో ఏమీ లేదు. ఏఎంపీ లేని గుంతలో దాదాపు ఏమీ లేదు. సీడీ73ని ఆపే ఏపీసీపీ 100 మైక్రోమోలార్ వేస్తే చురుకు ఐదో వంతుకు పడింది. ఇది చూడ్డానికి ఏడీపీలాగే ఉండే అణువు. రెండు ఫాస్ఫేట్ల మధ్య ఆక్సిజన్ ఉండాల్సిన చోట కార్బన్ ఉంటుంది, అందుకని ఎంజైము దాన్ని కొరకలేదు, వదలనూ లేదు. ఇది ఫాస్ఫేటును తెంచే మరో ఎంజైము, ఆల్కలైన్ ఫాస్ఫటేజు పని కాదని తేల్చడానికి దాన్ని ఆపే లెవామిసోల్ వేశాను. ఏ మార్పూ లేదు.

కణాలు పగిలి లోపలి ఎంజైములు బయటికొచ్చాయేమో అని మేడమ్ అడుగుతారని, పొర చెడిన కణాల్లోకే దూరే ట్రిపాన్ బ్లూ రంగుతో ముందే పరీక్ష చేసి పెట్టుకున్నాను. నీలం పీల్చిన కణాలు ఒకటీ అరా. మేడమ్ అదే అడిగారు. ఆ రోజు సాయంత్రం క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ నా ఖర్చు.

మార్చి 9

ఇక టైటిల్‌లో ఉన్న అసలు మాట, పెరుగుదల. ఎంజైమును ఆపితే కణాలు పెరగడం తగ్గాలి. అదే కదా మా పరికల్పన.

96 గుంతల ప్లేటు. ఒక వరుసకు ఏపీసీపీ, ఒక వరుసకు ఏమీ లేదు, ఒక వరుసకు నేరుగా అడెనోసిన్. 24, 48, 72 గంటలకు ఎంటీటీ పరీక్ష. బతికున్న కణాలు పసుపు ఎంటీటీని ఊదా పలుకులుగా మారుస్తాయి, వాటిని కరిగించి 570 దగ్గర చదువుతాం.

మూడు వరుసలూ ఒకేలా పెరిగాయి.

మార్చి 13

మళ్లీ చేశాను. ప్లేటు అంచు గుంతల్లో నీరు ఆవిరై లెక్క చెడుతుందని ఈసారి అంచుల్లో నీళ్లు పోసి, లోపలి గుంతలే వాడాను. అదే ఫలితం.

మార్చి 18

ఎంటీటీని నమ్మకుండా, కణాలను ఊడదీసి న్యూబావర్ చాంబరులో చేత్తో లెక్కపెట్టాను. కళ్లు లాగేశాయి. అదే ఫలితం.

ఏపీసీపీ మూడు రోజుల్లో అరిగిపోతోందేమో అని రోజూ కొత్తది వేసి, ఆఖర్న ఎంజైము చురుకు కూడా కొలిచాను. ఎంజైము ఆగే ఉంది. కణాలు మాత్రం హాయిగా పెరుగుతున్నాయి. ఉగాది పచ్చడిలో ఆరు రుచులంటారు, నాకు ఈ సంవత్సరం ఒక్కటే వచ్చేలా ఉంది. సబ్మిషన్‌కు రెండు నెలలు, చేతిలో "ప్రభావం లేదు" అనే గ్రాఫు. రాత్రి నిద్ర పట్టలేదు. టెన్షన్.

మార్చి 20

భయపడుతూ మేడమ్‌కు చూపించాను. తిడతారనుకుంటే కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"నీ ప్లేటులో ఎవరెవరున్నారు?"

"ఏ549 కణాలు, మేడమ్."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరు."

"మరి అడెనోసిన్ ఎవర్ని నిద్రపుచ్చాలి?"

ఆ మాట విన్నాక కాసేపు నాకేం తోచలేదు. జనవరి 10న నా చేత్తో నేనే రాసుకున్నాను, జోలపాట టీ కణాలకని. ఆ తర్వాత రెండు నెలలు టీ కణాలు లేని ఊళ్లో జోలపాట ఆపి, ఎవరైనా మేలుకున్నారా అని వెతుకుతున్నాను.

పైగా నా మీడియంలో పది శాతం దూడ సీరం ఉంది. అందులో అడెనోసిన్ డీఅమినేజ్ ఉంటుంది. ఎంజైము కాస్త అడెనోసిన్ చేసినా, సీరం దాన్ని ఇనోసిన్‌గా మార్చేస్తూ ఉంటుంది. నేను విడిగా వేసిన అడెనోసిన్ గతీ అదే అయ్యుంటుంది.

శరీరంలో కణితి పెరగడం వేరు, ప్లేటులో కణం రెట్టింపవడం వేరు. రెండింటికీ మనం ఒకే మాట వాడుతున్నాం, పెరుగుదల అని. నా టైటిల్‌లోని చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఏ549లో కేరాస్ జన్యువు చెడిపోయి పెరుగుదల మీట నొక్కే ఉండిపోయింది. విభజనకు దానికి సీడీ73 సాయం అక్కర్లేదు. అక్కరొచ్చేది కాపలావాళ్లు వచ్చినప్పుడు.

మార్చి 26

వారమంతా చదువు. ముందే చదవాల్సినవి.

2006లో మిఖాయిల్ సిట్కోవ్‌స్కీ బృందం ఏ2ఏ గ్రాహకం లేని ఎలుకల్లో కణితులు పెడితే, చాలా ఎలుకలు వాటిని తిప్పికొట్టాయి. మార్చింది క్యాన్సర్ కణాన్ని కాదు, అడెనోసిన్ వినే చెవిని. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణంలో నిలబడే హిఫ్-1 అనే ప్రోటీను సీడీ73 జన్యువును మేల్కొలుపుతుందని 2002 నుంచే తెలుసు. కణితి మధ్యలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువే, అంటే టీ కణాలు కష్టపడి లోపలికి దూరేసరికి అక్కడ అడెనోసిన్ చిక్కగా ఉంటుంది.

మనుషుల్లోకి వస్తే ఓలెక్లుమాబ్ అనే యాంటీబాడీ సీడీ73ని పట్టుకుంటుంది. ఆపరేషన్‌కు లొంగని మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద కోస్ట్ అనే రెండో దశ ట్రయల్ జరిగింది, 2022లో ప్రచురించారు. కీమో-రేడియేషన్ అయ్యాక టీ కణాలను లేపే డుర్వాలుమాబ్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఏడాది తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు 33.9 శాతం, ఓలెక్లుమాబ్ కలిపి ఇచ్చినవాళ్లలో 62.6 శాతం. వేరే మందు జోడించిన మూడో జట్టుతో కలిపినా 189 మందే కాబట్టి ఎగిరి గంతేయకూడదు. అందుకే పసిఫిక్-9 పేరుతో మూడో దశ పెద్ద ట్రయల్ పెట్టారు. నన్ను ఇందులో పట్టుకున్న విషయం వేరే. ఓలెక్లుమాబ్‌ను ఇక్కడ ఒంటరిగా ఇవ్వలేదు, టీ కణాలను లేపే ఆ మందుతో జోడించారు. నా ప్లేటులో లేనిదేదో ఆ ట్రయల్ కట్టినవాళ్లకు ముందే తెలుసు.

ఏప్రిల్ 7

ప్లాను మార్చాం. మిగిలిన సమయంలో రెండు పనులు. మొదటిది, ఆక్సిజన్ తగ్గితే ఎంజైము పెరుగుతుందా? తక్కువ ఆక్సిజన్ ఇంక్యుబేటరు మా దగ్గర లేదు. కోబాల్ట్ క్లోరైడు 100 మైక్రోమోలార్ వేస్తే హిఫ్-1 విరిగిపోకుండా నిలబడుతుంది, ఊపిరాడనట్టు కణాన్ని మోసం చేయొచ్చు. గులాబీ రంగు ద్రావణం, చూడ్డానికి రూహ్ అఫ్జాలా ఉంటుంది.

ఏప్రిల్ 11

కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు ఇంక్యుబేటరు చల్లబడింది. ప్లేటు పారేశాను.

ఏప్రిల్ 21

కోబాల్ట్ మూడుసార్లు చేశాను. రెండుసార్లు సీడీ73 చురుకు ఒకటిన్నర రెట్లు పెరిగింది, మూడోసారి కదల్లేదు. మూడోసారి వాడిన ఫ్లాస్కు మీద అనుమానం వచ్చి మైకోప్లాస్మా అనే కంటికి కనబడని బ్యాక్టీరియా కోసం పీసీఆర్ చేస్తే బ్యాండు కనబడింది, అంటే అది చేరిపోయింది. మైకోప్లాస్మా అడెనోసిన్ లాంటి న్యూక్లియోసైడ్లను తినేస్తుంది. నా ప్రయోగానికి అంతకంటే చెడ్డ అతిథి లేదు. ఆ ఫ్లాస్కులు బ్లీచిలో పోసి, పాత స్టాకు నుంచి కొత్త వయల్ తీశాను. మొదటి రెండుసార్ల కణాలు శుభ్రంగా ఉన్నట్టు పరీక్ష లేదు కాబట్టి ఆ అంకెలను కూడా గట్టిగా నమ్మలేను. థీసిస్‌లో ఈ వాక్యం ఉన్నది ఉన్నట్టు రాశాను. అక్క "ఇలా రాస్తే వైవాలో పట్టుకుంటారు" అంది. పట్టుకోనీ.

మే 5

కొత్త వయల్ కణాలతో, పీసీఆర్ శుభ్రంగా వచ్చాక, కోబాల్ట్ మళ్లీ మూడుసార్లు. మూడుసార్లూ పెరిగింది, ఒకటిన్నరకు కాస్త తక్కువగా. ఏపీసీపీ వేస్తే మళ్లీ కిందికి దిగింది. ఇది మాత్రం నమ్ముతాను.

రెండో పని, టీ కణాలను తీసుకురావడం. దానికి మనుషుల రక్తం కావాలి, రక్తానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. పదహారు పేజీల ఫారం నింపి ఇచ్చాం. కమిటీ కూర్చునేది నా సబ్మిషన్ అయ్యాకే.

మే 14

వైవా. పరీక్షకుడు బయటి నుంచి వచ్చారు, పెద్దాయన. ఎంటీటీ గ్రాఫు దగ్గర ఆగి "ఇందులో తేడా ఏమీ లేదే" అన్నారు. "లేదండీ" అన్నాను. ఎందుకు లేదో చెప్పమన్నారు. పది నిమిషాలు చెప్పాను. ఎంజైము ఆగిందని ఎలా తెలుసు, ఏపీసీపీ ఎంజైము పనిని ఆపుతుంది సరే, ఆ ప్రోటీను కణాలు అతుక్కోవడానికి కూడా పనికొస్తే దాన్ని ఏది ఆపుతుంది అని అడిగారు. దానికి జన్యువునే ఆపాలి, మా దగ్గర అది జరగలేదు అన్నాను. తల ఊపి మైకోప్లాస్మా పేజీ తిప్పారు, పట్టుకోలేదు.

మే 19

ల్యాబు అప్పగింతలు. వచ్చే ఏడాది ఈ పని చేయబోయే జూనియర్ అమ్మాయికి ప్రోటోకాల్ ఫైలు, ఆమ్లంలో కడిగిన గొట్టాల డబ్బా, ఏపీసీపీలో మిగిలిన కాస్త, ఎథిక్స్ ఫారం కాపీ ఇచ్చాను. శుభ్రమైన కణాలు ఆరు వయల్స్ నైట్రోజన్‌లో ఉన్నాయి, మూడో డబ్బా, రెండో అర. హుడ్ అద్దం మీద టేపు ముక్క అతికించి "ఫాస్ఫేటు ప్రయోగం జరుగుతుంటే పీబీఎస్ ఇటు తేవద్దు" అని రాశాను. ఆ అమ్మాయి చదివి "ఎందుకన్నా?" అంది. ఫిబ్రవరి 4 పేజీ తెరిచి చేతిలో పెట్టాను.